ఎండాకాలం చూడని మంచం

“ఆ నడిమిన కూసోవద్దప్పా, అది గుంత మంచం. ఒక్కసారి లోపలికి జారితే మనిషిని లేపేదానికి ఇంగో మనిషి కావాల.”

గుల్జార్‌బీ నాతో అన్న మొదటి మాట ఇదే. నేను అంచున, పట్టె మీద బరువు మోపి సర్దుకుని కూర్చున్నాను. పులివెందులలో వేంపల్లె దారి పట్టి, అంగళ్లు అయిపోయి అరటితోటలు మొదలయ్యే చోట ఆమె ఇల్లు. ముందు రేకుల వసారా. గోడకు ఆనించి అయిదారు కొత్త మంచాలు నిలబెట్టి ఉన్నాయి. వేలితో తడితే మోగుతాయేమో అన్నంత బిర్రుగా అల్లినవి. నేను కూర్చున్నది ఒక్కటే పాతది. నులక నల్లబడి, నడిమికి దిగబడి, కాళ్ల వైపు బిగించే తాడు నేలకు వేలాడుతూ ఉంది.

ఇంతమందికి మంచాలల్లే మనిషివి, నీ మంచం తాడు బిగించుకోవడానికి తీరిక లేదా అని అడిగాను.

“తీరిక లేక కాదులే. అది అట్లనే ఉండనీ” అని టీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఆ మాట వెనక ఏముందో తెలియడానికి, ఆమె పని గురించి రాసుకుందామని పోయిన నాకు, ఈ ఏడు మార్చి నుంచి జూన్ దాకా పట్టింది. గుల్జార్‌బీ దేన్నీ ఒక్క బిగిన చెప్పదు. నార చీలుస్తూ రోంత, తాడు పేనుతూ రోంత. నడుమ పురి తెగిందంటే కథ కూడా అక్కడే ఆగుతుంది. మళ్లీ అతుకు పడేదాకా గమ్మునుండాల్సిందే.

ఆమె భర్త అన్సర్‌ది మంచాలల్లే ఇల్లు. అతని నాయనదీ అదే పని. అన్సర్ నులక చుట్ట భుజానికి తగిలించుకుని వేంపల్లె, ముద్దనూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. ఏ ఇంటి ముందైనా పట్టెలు, మంచంకోళ్లు బిగించుకుని కూర్చున్నాడంటే మధ్యాహ్నానికి అల్లిక ముగిసేది. ముగిశాక నడిమధ్య అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ చప్పుడు విని, ఏ మూల తాడు వదులుగా ఉందో వంగి చూడకుండానే చెప్పేవాడు. “కండ్లు మోసం చేస్తాయి, చప్పుడు చెయ్యదు” అనేవాడట.

తర్వాత ఇనుప మంచాలు, ప్లాస్టిక్ నవారు వచ్చాయి. అదీ అల్లి చూశాడు. “పామును పట్టుకున్నట్టుండాది మే. చేతికి పట్టదు, చెమట తాగదు” అని భార్యతో చెప్పి వదిలేశాడు. కొన్నాళ్లు ఆటో తోలాడు. చివరికి ఈ వైపు నుంచి చాలామంది పోయినట్టే తనూ కువైట్‌కు పోయాడు, ఒక ఇంట్లో కారు డ్రైవరుగా. పన్నెండేళ్లయింది.

“పోయేనాడు బస్సు కాడ ఏం చెప్పినాడో తెల్సా అప్పా? ‘ఈడ నా చేతికి పని దొరికిన నాడు వచ్చేస్తా’ అనె. దుడ్లు దొరికిన నాడు అన్లే, చూడు. పని దొరికిన నాడు అనె.” ఆ తేడా నాకు అర్థమైందా లేదా అని నా ముఖం కేసి ఒకసారి చూసి, మళ్లీ తాడు పేనడం మొదలుపెట్టింది.

రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వచ్చేవాడు. ఆ నలభై రోజులూ తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా ఇంట్లో తిరిగేవాడట. చుట్టాలు వస్తే వాళ్ల సంచుల పిడులు విప్పి మళ్లీ అల్లి ఇచ్చేవాడు. “కారు తోలేది కాళ్లతో మే, చేతులు ఊరికే చక్రం పట్టుకోనుంటాయి” అనేవాడట. చివరిసారి వచ్చిపోయి మూడేళ్లు దాటింది.

ఆ సెలవు ముగించుకుని అతను వెళ్లిపోయిన నెలలోనే గుల్జార్‌బీ చేతికి అరటి నార తగిలింది.

అప్పట్లో ఆమె తోటల్లో కూలికి పోయేది. అరటిచెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక బోదె కొట్టి పడేయాల్సిందే. ఒక్క తోటలోనే వేల బోదెలు. రైతులు వాటిని వంకలోకి నెట్టేవాళ్లు, దారి పక్కన కుప్ప పోసేవాళ్లు. పచ్చి బోదె మండదు, తొందరగా ఎండదు. వాన పడితే కుళ్లి దోమలు లేచేవి. ఆ దారిన పోయే పిల్లలు ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్లు. ఒకరోజు గడ్డిమోపు కట్టడానికి తాడు లేక, గుల్జార్‌బీ బోదె పట్టలు చీల్చి మెలిపెట్టి కట్టింది. వారం తర్వాత చూస్తే మోపు గడ్డి బర్రె తినేసింది, కట్టిన తాడు మాత్రం తెగకుండా అట్లే ఉంది.

“పూలు కట్టేది అరటినారతోనే కదప్పా, పుట్టినప్పట్నుంచి చూస్తాండాం. పూలను మోసే నార మనిషిని మోయదా అనుకుంటి.”

పక్కింటి జమీలా ఆ మాట విని విరగబడి నవ్విందట. జమీలా మంచి ఒళ్లున్న మనిషి. “పూలదీ నాదీ ఒకటే బరువా ఆపా? నేను పండుకుంటే నీ నార దండ మాదిరి నా మెడకు చుట్టుకుంటాది” అంది. అంత నవ్విన మనిషే మొదట నార గీకడానికి వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆ వసారాలో పన్నెండు మంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. నార గీకితే మిగిలిన గుజ్జు తోటలకే ఎరువుగా తిరిగి పోతోంది. గీకే మిషన్‌ను ప్రొద్దుటూరులో ఉస్మాన్ అనే వెల్డింగు మేస్త్రి చేసిచ్చాడు. మొదటి మిషన్ నారను పిండి చేసింది. రెండోదాని మోటారు కాలిపోయింది. మూడోది నిలబడింది.

కానీ తాడు మంచిదో కాదో చెప్పేది ఎవరు? చెప్పగలిగిన చేతులు కువైట్‌లో ఉన్నాయి.

కాబట్టి ఆమె తాడును కువైట్‌కు పంపింది. పులివెందుల నుంచో వేంపల్లె నుంచో ఎవరు బయల్దేరినా ఊరగాయ సీసా, కారంపొడి, వాటితో పాటు బారెడు తాడు. గుల్జార్‌బీకి రాయడం రాదు. అందుకని మొదటి రకం తాడు కొసకు ఒక ముడి వేసింది, రెండో రకానికి రెండు ముడులు, అట్లా. వీధి చివర రహమాన్ ఒకసారి నాలుగు ముడుల తాడు తీసుకుపోతుంటే, విమానాశ్రయంలో పెట్టె విప్పించి ఇదెందుకని అడిగారట. “మా అన్సరన్న భార్య పంపింది, చేత్తో పట్టుకోని చూసేదానికి” అన్నాడు రహమాన్. వాళ్లకేం అర్థమైందో గాని వదిలేశారు.

జవాబులు ఫోన్లో రికార్డు చేసిన మాటలుగా వచ్చేవి, శుక్రవారం నమాజు తర్వాత. గుల్జార్‌బీ వాటిని తుడిచెయ్యలేదు. నాకు వరసగా వినిపించింది.

“మే, ఒక ముడిది తాడు కాదు, గడ్డి.”

“మూడు ముడులది మేకకు కట్టు. మేక గూడా తెంచుకోని పోతాది.”

“అయిదు ముడులది బాగుండాది గాని పురి ఒక తావ గట్టిగా, ఒక తావ వదులుగా ఎక్కింది. పేనేటప్పుడు ఎవురితోనో మాట్లాడతాండావు నువ్వు.”

“జమీలాతో” అంది గుల్జార్‌బీ ఫోన్ వైపు చూసి, ఆ మాట ఇప్పుడే వచ్చినట్టు.

ఏడు ముడుల తాడుకు మాట రాలేదు. చప్పుడు వచ్చింది. అరచేతి దెబ్బ, ఒక్కటే. అన్సర్ తన గదిలో ఎవరో పారేసిన కట్టెల చట్రం వెతికి, బారెడు తాడు చాలక ఇంకా తెప్పించుకుని, ఒక పీట అల్లాడు. దాని మీద దెబ్బ కొట్టి ఆ చప్పుడు పంపాడు. గదిలో ఉన్న మిగతా డ్రైవర్లు ఆ పీట మీద కూర్చోవడానికి వంతులు వేసుకుంటున్నారని తర్వాత చెప్పాడు. నెల తర్వాత ఇంకో మాట పంపాడు. ఆగస్టుకు అయిపోయే అకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇక తిరిగి రాయించొద్దని యజమానికి చెప్పేశాడట.

“ఆ మాట ఎన్ని తూర్లు వింటినో నాకే తెల్దు. జమీలా ఐతే ఫోన్ గుంజుకోని దాచిపెట్టె, చార్జింగ్ అయిపోతాదని.”

ఇదంతా నిరుటి ఫిబ్రవరి సంగతి. ఆ దెబ్బ చప్పుడు విన్నప్పటి నుంచి చలికాలం ముగిసేలోగా ఆడవాళ్లు ముప్పై మంచాలు అల్లారు. ప్రొద్దుటూరులో మంచాలు, బీరువాలు అమ్మే అంగడి నడిపే మేఘన ఒకేసారి ముప్పైని తీసుకుంది. నాయన తర్వాత అంగడిలో తనే కూర్చుంటున్న చదువుకున్న పిల్ల. పాత ప్లాస్టిక్ నవారు తెచ్చి తమ వీధిలోనే కాలబెడుతుంటే ఆ పొగకు వాళ్లమ్మ దగ్గడం చూసి చూసి, దీనికి మారు ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతూ ఉన్న మనిషి. “అక్కా, ఎండలు ముదరకముందే ఇవి జనంలోకి పోవాల. మంచాలు కొనేది మార్చిలోనే” అని తొందరపెట్టింది. మార్చి ముగిసేలోగా మంచాలన్నీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైలవరం ఇళ్లకు చేరాయి.

ఏప్రిల్‌లో ఫోన్లు మొదలయ్యాయి.

మొదటి ఫోన్ జమ్మలమడుగు నుంచి నరసింహయ్యది. ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగిన డ్రైవరు. “ఏమ్మా గుల్జారమ్మా, నువ్వు నాకు మంచం అమ్మినావా, ఊయల అమ్మినావా? పండుకుంటే నా నడుము నేలను అడుగుతాంది, బాగుండావా అని!”

తాడు బిగించుకోమంది. బిగించానన్నాడు. రోజూ బిగిస్తున్నాను, ఇంక బిగించడానికి తాడే మిగల్లేదన్నాడు. రెండో రోజు ఇంకో ఇద్దరు. వారం తిరిగేసరికి పదకొండు మంది. గుల్జార్‌బీ బస్సెక్కి జమ్మలమడుగు పోయింది. పట్టెలు చూసింది, కోళ్లు చూసింది, పురి విప్పి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. పొద్దు వాలింది. ఇక లేద్దామనుకుంటుండగా నరసింహయ్య లోపల్నుంచి బక్కెట్టు తెచ్చాడు. చెంబుతో నీళ్లు ముంచి మంచం మీద చల్లడం మొదలుపెట్టాడు. ఈ తల నుంచి ఆ తల దాకా, నులక నల్లగా తడిసేదాకా.

“అయ్యో మామా, ఏం చేస్తాండావు?”

“ఏం చేస్తాండానా? మంచానికి నీళ్లు చల్లుతాండా. చల్లకుండా పండుకుంటే ఈ ఎండలకు వీపు కాలదా? నువ్వు యా దేశం మనిషివమ్మా?”

ఈ మాట చెప్పేటప్పుడు గుల్జార్‌బీ చేతిలో తాడు ఆగిపోయింది. పురి తెగలేదు, ఆమే ఆపింది.

“నిజమే కదప్పా. నేను యా దేశం మనిషిని? ఈ ఊర్లోనే పుడితి. ఎండాకాలం వచ్చిందంటే సందేళ మంచాలు బయటేసి నీళ్లు చల్లని ఇల్లుండాదా మన పక్క? పెండ్లయిన కొత్తల్లో ఆయప్ప మంచానికి ఆ తల నుంచి, నేను ఈ తల నుంచి చల్లేవాళ్లం. నడిమికి వచ్చేతలికి నా మీదే చల్లేసేవాడు. అట్లాంటిది నాకే గుర్తు రాలే, చూడు.”

ఎందుకు గుర్తు రాలేదో జమ్మలమడుగు నుంచి తిరిగొచ్చే బస్సులో ఆమెకు తెలిసింది. అన్సర్ పోయినప్పటి నుంచి ఆమె బయట పడుకోలేదు. ఒంటరి ఆడది, తలుపు గడియ వేసుకుని లోపల ఫ్యాను కింద పడుకుంటుంది. అతను సెలవు పెట్టుకుని వచ్చేది ఎప్పుడూ చలికాలమే, ఎండాకాలం బడి సెలవుల్లో యజమాని పిల్లల్ని ఊళ్లు తిప్పాలి కాబట్టి. పదకొండు ఎండాకాలాలు ఆమె మంచం తడి చూడలేదు. అక్కడ అన్సర్ పీట అల్లి, దెబ్బ కొట్టి, బాగుందన్నది ఏసీ గదిలో.

తడిసిన నార బిగుసుకుంటుంది. దాని మీద మనిషి బరువు పడుతుంది. తెల్లారి ఎండకు ఆరి సాగుతుంది. మళ్లీ తడి, మళ్లీ బరువు, మళ్లీ ఎండ. నాలుగు రోజులకు ఊయల. చలికాలంలో అల్లి, చలికాలంలో చూసి, మార్చిలో అమ్మిన మంచానికి అదే మొదటి ఎండాకాలం.

ముప్పైకి ముప్పై దిగిపోయాయి.

మేఘన ప్రొద్దుటూరు నుంచి కారేసుకుని వచ్చింది. ఒక అట్టముక్క మీద రాసిన మాట చూపించింది. ‘ఈ మంచం మీద నీళ్లు చల్లరాదు’ అని. కొత్త మంచాలకు ఇది కట్టి పంపుదాం, పాతవాళ్లకు మాత్రం ఊరికే తాడు బిగించి ఇద్దాం అంది.

“మేఘనమ్మా” అంది గుల్జార్‌బీ, “ఎండాకాలం మంచానికి నీళ్లు చల్లొద్దని చెప్పేదీ, పెండ్లికి పోయినోన్ని అన్నం తినొద్దని చెప్పేదీ ఒకటే.”

“అట్లంటే ఎట్లక్కా? ఈ ఎండాకాలం పోతే మళ్లీ యేడాది దాకా ఎవురూ మంచం కొనరు. అంతలోపల ఎవురో ఒకరు ఇట్లాంటిదే తెచ్చి అమ్ముతారు.”

“అమ్మనీ. వాళ్ల మంచానికి గూడా నీళ్లు చల్లుతారులే.”

మేఘనకు నవ్వు ఆగలేదు, కోపమూ ఆగలేదు. రెండూ ముఖం మీద పెట్టుకునే వెళ్లిపోయిందని జమీలా చెప్పింది. వారం తర్వాత తన అంగడి బండి తనే పంపింది, ముప్పై ఇళ్ల నుంచి ముప్పై మంచాలు వెనక్కి తేవడానికి.

మంచాల సంగతి అట్లా తెమిలింది. అన్సర్ సంగతి తెమల్లేదు. అతను తన పీటను కూడా గదిలోవాళ్లకు ఇచ్చేశాడు. ఆగస్టుకు టికెట్టు ఎంతుందో కనుక్కుంటున్నాడు.

“చెప్పొద్దు ఆపా” అంది జమీలా. “రానీ. వచ్చినాక ఆయప్పే చూసుకుంటాడు. ముందు మనిషి ఇంటికి రావాల గదా? చెప్తే మళ్లీ రెండేండ్లకు రాయిస్తాడు.”

గుల్జార్‌బీ మూడు శుక్రవారాలు చెప్పలేదు. మంచాలు ఎట్లున్నాయి అని అడిగితే బాగున్నాయంది. నాలుగో శుక్రవారం అతను ఇంకో మాట అడిగాడు. “మే, నేనొచ్చినాక మొదట ఎవురింటికి పోయి మంచం మీద దెబ్బ కొట్టి చూడాల?” అని. ముసలివాళ్లు మనవడి ముఖం చూడ్డానికి ఆశపడినట్టు అడిగాడట.

“ఆ గొంతు విని అబద్ధం చెప్పలేకపోతినప్పా. వచ్చి దెబ్బ కొడితే ఆయప్పకు తెలీదా? ఆ చప్పుడు విని ఆయప్ప ముఖం ఎట్లైతాదో నేను చూడాల్నా? పని దొరికిందని వచ్చినోడు, పని లేదని మళ్లీ పోతే ఇంగెప్పటికీ రాడు.”

చెప్పింది. నరసింహయ్య బక్కెట్టు దగ్గర నుంచి మొత్తం.

అన్సర్ అంతా విని మెల్లగా అన్నాడు. “నేను గూడా మర్సిపోతినే మే. పీట మీద కూసోని, బాగుంది బాగుంది అంటి గాని, నీళ్లు చల్లాలని నాకూ తట్టలే.” మళ్లీ తనే, “మంచానికి నీళ్లు చల్లేది మర్సిపోయినానంటే, నేను శానా దూరం వచ్చేసినట్టుండాది” అన్నాడు.

ఆ వారమంతా ఫోన్ చెయ్యలేదు. తర్వాతి శుక్రవారం మాట్లాడినప్పుడు అతని గొంతులో పనివాడు ఉన్నాడు. తన చిన్నప్పుడు వాళ్ల నాయన చేసింది గుర్తు తెచ్చుకుని చెప్పాడు. కొత్త తాడు పేనాక మూడు రోజులు నీళ్లలో నానబెట్టేవాడు. రెండు వేపచెట్ల నడుమ దండెంలా కట్టి, నడిమధ్య నాపబండ వేలాడదీసి ఎండకు ఆరనిచ్చేవాడు. మళ్లీ నానబెట్టి, మళ్లీ బండ వేలాడదీసి, అట్లా మూడు తూర్లు. సాగాల్సిన సాగుడంతా తాడు అక్కడే సాగి వచ్చేది. తర్వాత తర్వాత నులక సంతలో చుట్టలుగా కొనడం మొదలైంది. నానబెట్టే పని ఎవరో ఎక్కడో చేసి పంపేవాళ్లు. అన్సర్ ఆ పని కళ్లతో చూసినవాడే గాని, ఎన్నడూ చేత్తో చేసినవాడు కాదు.

చివర్లో అన్నాడట, “అకామా ఒక యేడాదికి రాయిస్తాండా. రెండేండ్లకు కాదు, ఒక్క యేడాదే. నువ్వు నాకు ఏడు తాళ్లు పంపినావు మే, ఒక్కదానికీ ఎండాకాలం చూపియ్యలే. ఈ తూరి చూపిద్దాం. ముప్పై మంచాలు ఎండాకాలం దాటి బిర్రుగా ఉంటే, చేతికి పని ఉండాదని వస్తా.”

“ఏమంటివి?” అని అడిగాను.

“ఏమంటా? సరే అంటి. ఫోన్ పెట్టేసి ఏడిస్తి. ఏడిసి, జమీలాను పిల్చుకోని బండలకు పోతి.”

జమ్మలమడుగు దారిలో పాలిష్ మిల్లుల వెనక పగిలిన నాపబండలు గుట్టలుగా పడి ఉంటాయి. అడిగితే ఊరికే ఎత్తుకుపొమ్మంటారు. ఇప్పుడు గుల్జార్‌బీ ఇంటి వెనక, రెండు వరసల రాటల నడుమ తాళ్లు బారులు తీరి ఉంటాయి, ఒక్కో తాడుకు ఒక్కో బండ వేలాడుతూ. గాలి వస్తే బండలు మెల్లగా ఊగుతాయి. అట్లా నానబెట్టిన తాడుతో మొదట అల్లిన మంచాన్ని ఆమె తన వాకిట్లోనే వేసి నీళ్లు చల్లింది. జమీలాను పక్క మంచం మీద తోడు పెట్టుకుని పదిహేను రోజులు బయటే పడుకుంది.

“పదకొండేండ్ల తర్వాత చుక్కలు చూస్తి. తడి మంచం మీద గాలి పోతాంటే ఎంత సల్లగుంటాదో నేను మర్సిపోయినా గాని, వీపు మర్సిపోలే.”

వానాకాలం అయ్యేసరికి ముప్పై మంచాలూ విప్పి, మళ్లీ అల్లి, వాళ్ల వాళ్ల ఇళ్లకు పంపింది. కొత్తగా అడిగినవాళ్లకు ఒక్కటీ ఇవ్వలేదు. నేను మొదటిసారి పోయినప్పుడు వసారాలో నిలబెట్టి ఉన్న మంచాలు, అట్లా కొత్తగా అల్లి ఎండాకాలం దాటేదాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపినవే.

ఈసారి ఎండలు మార్చి చివరికే ముదిరాయి. మేలో పులివెందుల వీధుల్లో మధ్యాహ్నం మనిషి కనబడలేదు. అందరూ ఎండను తిట్టుకుంటుంటే, గుల్జార్‌బీ మాత్రం ఒకరోజు ఆకాశం మబ్బు పడితే దిగులుపడింది. “ఎండ తక్కువైతే ఆయప్ప ఒప్పుకోడప్పా. ఇది ఎండాకాలమేనా అంటాడు” అంది. వారానికి రెండు రోజులు బస్సుల్లో తిరిగి ఇళ్లకు పోయేది. సరిగ్గా నీళ్లు చల్లుతున్నారా లేదా అని చూసేది. నరసింహయ్య ఇంటికి ఆమెతో నేనూ ఒకసారి పోయాను. ఆయన మమ్మల్ని చూడగానే బక్కెట్టు ఎత్తి చూపించాడు. “చల్లుతాండానమ్మా, చల్లుతాండా! మా ఇంట్లో తులసిచెట్టుకు గూడా ఇన్ని నీళ్లు పోయలే. మీ ఆయన తొందరగా రాకపోతే మా బోరు ఎండిపోతాది!”

“నీ నోటి పున్నెంతో తొందరగా రానీ మామా” అంది గుల్జార్‌బీ. నవ్వుతూ అంది గాని, మంచం మీద అరచెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు.

జూన్ మొదటి వారంలో మబ్బులు పట్టాయి. గుల్జార్‌బీ, జమీలా నాలుగు రోజులు ఊళ్లు తిరిగారు. ప్రతి ఇంట్లో మంచం నడిమధ్య అరచేత్తో ఒక్క దెబ్బ. జమీలా ఫోన్ పట్టుకుని ఆ చప్పుడు ఎక్కించింది. ఏ చప్పుడు ఎవరి మంచానిదో చెప్పలేదు. ఊరికే చప్పుళ్లు, వరసగా. గురువారం సాయంత్రం అన్నీ కువైట్‌కు పోయాయి.

శుక్రవారం నేను ఆ వసారాలోనే ఉన్నాను, ఎప్పటిలా గుంత మంచం అంచున. ఆ రోజు తాడు పేనడం ఎవరివల్లా కాలేదు. పన్నెండు మందీ ఊరికే నార సర్దుతూ కూర్చున్నారు. ఫోన్లో మాట వచ్చిన చప్పుడైతే గుల్జార్‌బీ చెయ్యి తుడుచుకుని దాన్ని పీట మీద పెట్టి నొక్కింది.

“మే, ముప్పై అని చెప్తివి, ముప్పైయొక్క దెబ్బ వచ్చె. ముప్పై బాగుండాయి. బిర్రుగా ఉండాయి, మా నాయన అల్లినట్టుండాయి. పదిహేడోది మాత్రం సచ్చిన మంచం. బొంత మీద కొట్టినట్టుండాది. ఎవురిదది? ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోని ఎట్ల పండుకుంటాండారు? రేపే పోయి బిగించి రా.”

జమీలా కొంగు నోట్లో కుక్కుకుంది.

గుల్జార్‌బీ ఫోన్ దగ్గరికి తీసుకుంది. అందరూ వింటున్నారని తెలిసి కూడా లోపలికి పోలేదు.

“అది వేరే ఎవురిదో గాదు, మన ఇంటిదే. నువ్వు పోయే ముందర అల్లిపెట్టిన మంచం. నువ్వొచ్చినప్పుడంతా వచ్చిన పొద్దే బిగిస్తావు. నువ్వు పోయినాక అది రోంత రోంత దిగుతాది. దాన్ని ఎవుర్నీ తాకనియ్యలే, నేనూ తాకలే. ఈ తూరి మూడేండ్లాయ, అందుకే అట్ల మోగుతాంది.”

పంపేసి ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. అతను విన్నట్టు గుర్తు పడింది. రేకుల మీద ఒకటి రెండు చినుకులు టపటపమన్నాయి. నేను కూర్చున్న మంచం మీద నుంచి, ఎందుకో నాకే తెలియకుండా, లేచి నిలబడ్డాను.

అప్పుడు జవాబు వచ్చింది. చిన్న మాట.

“దాన్ని తాకొద్దు మే. ఆగస్టులో వచ్చి నేను బిగిస్తా.”

గుల్జార్‌బీ రెండోసారి వినలేదు. జల్లు గాలికి వసారాలోకి కొట్టడం మొదలైంది. “జమీలా, ఆ పక్క పట్టు” అంది. ఇద్దరూ గుంత మంచాన్ని చెరో తలా ఎత్తి, వేలాడే తాడు గడపకు తగలకుండా పైకి పట్టుకుని, తడవని చోటికి తీసుకుపోయారు.